వాకిట్లో ముగ్గు పడకపోతే డాక్టరుకు తెలుస్తుందా?

పోయిన ఏడాది ఒకనాటి మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే ఫోన్ మోగింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తాను. ఎవరో డాక్టరమ్మ. "మీ కథ పత్రికలో చదివానండీ. మేం మానసిక వైద్యులమంతా హనుమకొండలో రెండు రోజుల సదస్సు పెట్టుకుంటున్నాం. ఈసారి కథలు, పాటలు, బొమ్మలు కూడా ఉంటే బాగుంటుందనుకున్నాం. మీరొచ్చి ఆ కథ చదవాలి. ఇరవై నిమిషాలిస్తాం" అంది.

నాకు నోట మాట రాలేదు. మా రఘునాథపల్లి దాటితే నా కథలు చదివేవాళ్లు ఎవరుంటారని అనుకున్న మనిషిని నేను. సరేనండీ అని ఫోన్ పెట్టేశాక మొదలైంది అసలు కథ.

మావారు నవ్వారు. "పిచ్చి డాక్టర్ల మీటింగులో నీకేం పనే?" అన్నారు. ఆయన నవ్వులాటకే అన్నారు, పోనిద్దాం. మా అమ్మ మాత్రం నవ్వలేదు. ఫోన్‌లోనే గొంతు తగ్గించి, "ఎవ్వలతోని చెప్పకు బిడ్డా. మీటింగుకు పోయినవంటే ఎవలు నమ్ముతరు? చూపిచ్చుకునేటందుకు పోయిందంటరు. ఇంట్ల ఎదిగిన ఆడిపిల్ల ఉన్నది" అంది.

మా అమ్మ భయంలో అబద్ధమేం లేదు. మన దగ్గర ఎర్రగడ్డ అంటే హైదరాబాదులో ఒక పేట పేరు కాదు, తిట్టు. చిన్నప్పుడు బడిలో ఎన్నిసార్లు వినలేదు, 'నిన్ను ఎర్రగడ్డకు పంపియ్యాలె' అని? అక్కడున్నది ప్రభుత్వ ఆసుపత్రి. జ్వరమొస్తే పోయే ఆసుపత్రి పేరు ఎవరికీ తిట్టు కాలేదు, మనసు బాగోలేకపోతే పోయే ఆసుపత్రి పేరు మాత్రం ఎందుకైందో!

మా అమ్మ భయానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

పొద్దున్నే బండెక్కి కాజీపేటలో దిగి, ఆటోలో హనుమకొండ చేరాను. పెద్ద హోటలు. ఏసీ హాలు. మెడలో పేరు కార్డులు, చేతిలో సంచీలు. లోపల తెర మీద గ్రాఫులు, ఇంగ్లీషులో ఉపన్యాసాలు. నేను డిగ్రీ చదివినదాన్నే, సగం అర్థమైంది. ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని వారాలకు పనిచేస్తుందో, ఎవరికి పడదో శ్రద్ధగా చర్చించుకుంటున్నారు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. ఆ మందుల వల్లే నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

నా కథ మధ్యాహ్నం మూడు గంటలకన్నారు. ముందు ఉపన్యాసాలు ఆలస్యమయ్యాయి. నాలుగన్నారు, ఐదన్నారు. చివరకు "మేడం, మిమ్మల్ని సాయంత్రం కల్చరల్స్‌లో కలిపేశాం" అన్నారు. కల్చరల్స్ అంటే ఏమిటో మీకు తెలుసు కదా... బయట పచ్చిక మీద లైట్లు, ఒక పక్క భోజనాలు, ఒక పక్క వేదిక. నాకు ముందు ఆడపిల్లలు సినిమా పాటకు డ్యాన్సు చేశారు. నా తర్వాత ఎవరో మిమిక్రీ. మధ్యలో నేను, ఒక చేతిలో మైకు, ఒక చేతిలో కాగితాలు! పళ్లేల చప్పుడు, పలకరింపులు. ఇరవై నిమిషాల కథను ఆరు నిమిషాలకు కుదించి చదివి దిగిపోయాను. శాలువా కప్పారు. ఫోటో తీశారు.

కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ రాత్రి ఒక సంగతి జరిగింది. అది జరగకపోతే ఈ వ్యాసమూ రాసేదాన్ని కాదు.

నేను చెప్పులేసుకుంటుంటే ఒక చిన్న డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఇంకా పీజీ చదువుతోందట. "మేడం, మీ కథలో ఆమె 'గుండెల కుంపటి పెట్టినట్టున్నది' అంటది కదా. నిజంగా అట్లనే అంటరా?" అని అడిగింది. అంటారమ్మా, మా వాడకట్టులో రోజూ వింటాను అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "మా ఓపీకి అట్లా చెప్పుకుంటూ చాలామంది వస్తరు మేడం. గుండె మంట అన్నరని నేను గ్యాస్ డాక్టరు దగ్గరికి పంపించిన" అంది.

చూశారా! పళ్లేల చప్పుడులో ఆరు నిమిషాల కథ ఒక డాక్టరు చెవిని అంత మార్చగలిగితే, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో ఇరవై నిమిషాలు చదివితే ఏమయ్యేది?

నాకు డిప్రెషన్‌గా ఉంది అని మనలో ఎవరైనా వెళ్లి చెబుతామా? చదువుకున్న పిల్లలు ఈమధ్య అంటున్నారేమో. మన ఆడవాళ్ల మాటలు వేరు. 'పానం మంచిగుంటలేదు' అంటాం. 'మనసున పడ్తలేదు', 'కాళ్లు చేతులు గుంజుతున్నయి', 'తలకాయల ఏదో తిరుగుతున్నట్టు', 'నరాల వీక్‌నెస్', 'ఊరికెనే ఏడుపొస్తది'... ఈ మాటలు ఏ ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోనూ దొరకవు. ఎక్కడ దొరుకుతాయంటే బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడుకునే ఉయ్యాల పాటల్లో, నాట్లేసేటప్పుడు వచ్చే పాటల్లో, చావింట్లో రాగం తీసి ఏడ్చే శోకాల్లో, కథల్లో. అందుకే అంటున్నాను, డాక్టర్ల సదస్సుకు కళలు వెళ్లాలి. వాళ్లను ఉల్లాసపరచడానికి కాదు, వాళ్ల చెవులకు మన మాట అలవాటు చేయడానికి.

ఇప్పుడు మా అమ్మ భయం సంగతి.

2012లో నా రెండో కాన్పు. పెద్దాపరేషన్. బాబు పుట్టాడని ఇల్లంతా సంబరం. నాకు మాత్రం ఆ పిల్లాడు ఎవరి పిల్లాడో అన్నట్టుండేది. పాలిస్తూ ఏడ్చేదాన్ని. నిద్ర లేదు, ఆకలి లేదు. 'మగపిల్లాడు పుడితే ఏడ్చేవాళ్లుంటారా' అని అత్తగారు ఆశ్చర్యపోయారు. ఎవరి కన్నో తగిలిందన్నారు. తాయెత్తు కట్టించారు, మిరపకాయలు దిష్టి తీశారు. మూడు నెలలు గడిచాయి.

ఎవరు కనిపెట్టారనుకున్నారు? మా ఎదురింటి పెద్దమ్మ. సంతకం పెట్టడం కూడా రాని మనిషి. ఒకరోజు వచ్చి నా మంచం పక్కన కూచుని మా అత్తగారితో అంది, "వదినె, నీ కోడలు ముగ్గు జూస్తున్న నేను. పురిటిస్నానమై వాకిట్లకొచ్చిన కాన్నుంచి ముగ్గు వంకర పోతున్నది. పోయిన వారం ఉట్టి నాలుగు గీతలు గీసి లోపటికి వోయింది. మూడు దినాల సంది అదిసుత లేదు. గీ పిల్లకు పానం బాగ లేదు. దిష్టి కాదు, దవాఖాన్ల చూపియ్యుండ్రి." పదహారు చుక్కల ముగ్గు చెయ్యి ఆగకుండా వేసే పిల్ల నాలుగు గీతలతో ఆగిపోయిందంటే లోపల ఏదో ఆగిపోయిందని ఆ తల్లికి అర్థమైంది.

దవాఖానకు తీసుకెళ్లారు, ఎవరికీ తెలియకుండా, చీకటితో బయల్దేరి. ఊళ్లో అడిగినవాళ్లకు కంటి పరీక్ష అని చెప్పారు. కాన్పు తర్వాత కొందరికి ఇలా వస్తుందని, నయమవుతుందని ఆ డాక్టరు చెప్పారు. బిడ్డకు పాలిస్తున్నానని చూసి మందు రాశారు. నెలన్నరకు నిద్ర పట్టింది. బాబు నవ్వితే నాకూ నవ్వొచ్చింది. ఆ రోజుల్లోనే పిల్లల పాత నోటుబుక్కు వెనక పేజీల్లో ఏదేదో రాయడం మొదలుపెట్టాను. అదే తర్వాత నా మొదటి కథైంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రాయడం వల్ల నాకు జబ్బు తగ్గలేదు. మందులతో తగ్గింది. తగ్గిన తర్వాత, నాకేమైందో నాకు నేను చెప్పుకోవడానికి రాత పనికొచ్చింది. ఇవి రెండు వేర్వేరు పనులు. పాట పాడుకోండి, బొమ్మలేసుకోండి, మందులు మానేయండి అని చెప్పేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లను నమ్మకండి.

నేను చెప్పేదేమీ కొత్త సంగతి కాదు. ప్రపంచ మానసిక వైద్యుల మొదటి మహాసభ 1950లో పారిస్‌లో జరిగినప్పుడే, అక్కడి సెయింట్ ఆన్ ఆసుపత్రిలో రోగులు వేసిన బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. అయితే దానికి 'మనోరోగ కళ' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులోనే ఉంది కదా, బొమ్మలో మనిషిని కాక జబ్బును వెతికే చూపు.

ఆ చూపును మార్చడానికి జీవితమంతా పెట్టింది ఒక ఆడమనిషి. బ్రెజిల్ దేశపు డాక్టరు నీజి ద సిల్వేరా. 1905లో పుట్టింది. వైద్యం చదివేటప్పుడు 157 మంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఆమె దగ్గర వామపక్షాల పుస్తకాలున్నాయని 1936లో జైల్లో పెట్టారు. 1944లో మళ్లీ ఉద్యోగంలో చేరితే, అప్పటి వైద్యం రోగుల తలకు కరెంటు షాకులివ్వడం. మీట నొక్కమంటే నేను నొక్కనంది. అలా ఎదురుతిరిగినామెను ఎవరికీ అక్కరలేని విభాగానికి పంపారు. అప్పటిదాకా ఆ పేరుతో రోగుల చేత ఊడ్పించడం, తుడిపించడం చేసేవారట. ఆమె 1946లో అక్కడ రంగులు, కుంచెలు, మట్టి తెచ్చి పెట్టింది. మీకు తోచింది చేయండి అంది. కుక్కల్ని, పిల్లుల్ని కూడా తిరగనిచ్చింది, రోగులకు తోడుగా! ఏళ్ల తరబడి నోరు విప్పనివాళ్లు బొమ్మలు వేశారు. 1952 నాటికి వాటితో ఒక మ్యూజియమే వెలిసింది. 1957లో జ్యూరిక్‌లో ప్రపంచ మానసిక వైద్యుల రెండో మహాసభ జరిగితే, ఆ బొమ్మలను తీసుకెళ్లి అక్కడ ప్రదర్శించింది. యూంగ్ అంతటి పండితుడు స్వయంగా వచ్చి చూశాడు.

ఆ రోగుల బొమ్మల్లో చాలా వాటిలో గుండ్రని చక్రాలుండేవట. మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ రేకులు, వాటి చుట్టూ వలయాలు. మనసు చెదిరిపోయినవాళ్లు ఇంత కుదురైన బొమ్మలు ఎలా వేస్తున్నారని ఆశ్చర్యపడి, 1954లో ఆమె ఆ ఫోటోలను యూంగ్‌కు పంపింది. చెదిరిన మనసు తనను తాను కుదురుచేసుకునే ప్రయత్నం అది అన్నది ఆయన అభిప్రాయం. ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఎదురింటి పెద్దమ్మ గుర్తొచ్చింది. చుక్క, చుట్టూ రేకులు, చుట్టూ గీత... రోజూ తెల్లారకముందే మనం చేసే పని అదే కదండీ!

వీటన్నిటికి రుజువులేవీ అంటారేమో. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి ఒక నివేదిక తెచ్చింది. జబ్బు రాకుండా చూడటంలో, వచ్చాక తట్టుకోవడంలో కళల పాత్ర ఉందని తేల్చింది. ఆ అధ్యయనాలన్నీ ఒకే స్థాయివి కావని కూడా అందులోనే ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలే నాకు నచ్చింది.

సదస్సులో నేనొక పెద్ద డాక్టరుగారితో ఈ మాటంటే, ఆయన విసుక్కోలేదు. "అమ్మా, మాకు టైమెక్కడిది? పొద్దున్నుంచీ ఓపీ. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు" అన్నారు. నిజమే. మన దేశంలో లక్షమంది జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లెక్కకు రారు. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక ఇబ్బందితో ఉన్నారని తేలింది. వారిలో ఎక్కువమందికి వైద్యం అందడమే లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగితే అందులో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. అంటే, ఆ సర్వేలో కూడా మన ఆడవాళ్ల మాట చేరలేదన్నమాట.

డాక్టర్లు తక్కువ కాబట్టే నా మాట వినాలంటాను. ఐదు నిమిషాలే ఉన్నప్పుడు ఆ ఐదు నిమిషాల్లో ఏ మాటను పట్టుకోవాలో తెలియాలి కదా. 1997-98లో మా వరంగల్ జిల్లాలో పత్తి పోయి, పురుగుల మందు తాగి రైతులు చనిపోయారు. నేనప్పుడు చిన్నపిల్లను. చనిపోయిన రైతుల లెక్కలు పేపర్లో వచ్చాయి. ఇంట్లో మిగిలిన ఆడమనిషి ఆ అప్పుతో, ఆ పిల్లలతో ఎలా నిద్రపోయిందో ఏ లెక్కలోనూ రాలేదు. అది శోకంలో వచ్చింది. మొగుణ్ని నిష్ఠూరమాడుతూ, విత్తనాల షావుకారిని తిడుతూ, పత్తి చేనును పేరు పెట్టి పిలుస్తూ ఆ తల్లులు రాగం తీసి ఏడుస్తుంటే ఊరి ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని వినేవారు. ఇప్పుడు టౌన్లలో ఏడుపు కూడా మెల్లగా ఏడవమంటున్నాం. పక్క ఫ్లాటువాళ్లకు వినిపిస్తుందని!

మా పక్క లింగాల ఘనపురం మండలంలోని మాణిక్యాపురం, చుక్క సత్తయ్యగారి ఊరు. ఒగ్గుకథను ఊరి చావిడి నుంచి దేశమంతా తెలిసేలా చేసిన మనిషి. 2017లో కన్నుమూశారు. ఒగ్గుకథ విన్నవాళ్లకు తెలుసు, మల్లన్న కథో బీరప్ప కథో నడుస్తుంటే చెప్పేవాడు నవ్విస్తూ నవ్విస్తూ ఒక్కసారిగా గొంతు మారుస్తాడు. జనం కళ్లు తుడుచుకుంటారు. మళ్లీ నవ్విస్తాడు. ఎదుటి మనిషి ఎంత దుఃఖం మోయగలదో చూసుకుని అంతే ఎత్తడం, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వడం... డాక్టర్లు నేర్చుకోదగిన విద్య కాదంటారా?

కథల సంగతికొస్తే, పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఎంతమందిమి దాన్ని చదివి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా అలాగే కూర్చుండిపోలేదు? 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' సినిమాలో సావిత్రి మానసిక వైద్యశాలలో నర్సు. రోగిని బాగుచేయడానికి ప్రేమ నటించమంటారు. అతను బాగుపడి వెళ్లిపోతాడు, ఈమెకు మతి చలిస్తుంది. సేవ చేసే ఆడదాని మనసు గురించి ఎవరు ఆలోచించారని ఆ సినిమా అప్పుడే అడిగింది. దాన్ని సదస్సులో ఒక మధ్యాహ్నం వేసి, తర్వాత నర్సులను మాట్లాడమంటే ఎంత బాగుండును! అన్నట్టు, నేను వెళ్లిన సదస్సులో నర్సులెవరూ వేదిక మీద కనిపించలేదు.

కళలు రావాలి అంటూనే నాకు కొన్ని భయాలు కూడా ఉన్నాయి. రోగుల్ని తీసుకొచ్చి వేదికెక్కించి పాడించడం, వాళ్ల బొమ్మల పక్కన పేరూ జబ్బూ రాసి గోడకు తగిలించడం జరిగితే అది కళ కాదు, తిరనాళ్లలో తమాషా. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. వైద్యం తీసుకునేవారి వివరాలు, ఫోటోలు వాళ్ల ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని అందులో ఉంది. ఆ ఒప్పుకోలు కూడా, డాక్టరుగారు అడిగారు కాబట్టి కాదనలేక ఇచ్చేది కాకూడదు. మన ఆడవాళ్లకు కాదనడం అసలే రాదు.

ఇంకొకటి, డబ్బు. విమానంలో వచ్చే వక్తకు హోటల్ గది, కారు. ఒగ్గు కళాకారుడికి శాలువా, జ్ఞాపిక! శాలువాలు కట్టుకుని బతుకుతాడా? డోలు కొట్టేవాడి దినకూలి పోతుందని ఎవరికైనా తోచిందా? నాకు తోచిందంటే, ఆ రోజు ఆటోకు, బండికి నా చేతి డబ్బులే అయ్యాయి కాబట్టి. కూరగాయల డబ్బులో మిగిల్చుకున్నవి.

తెలుగు సంగతి చెప్పక్కర్లేదు. పొద్దంతా ఇంగ్లీషు, రాత్రి డ్యాన్సుకు తెలుగు! మన భాష భోజనాల వేళకే గుర్తొచ్చింది.

ఇది చదివేవాళ్లలో నిద్ర పట్టనివాళ్లు, ఊరికే ఏడుపొచ్చేవాళ్లు, బతకాలనిపించనివాళ్లు ఉంటే... చీకటితో వెళ్లనక్కరలేదు, కంటి పరీక్ష అని చెప్పనక్కరలేదు. 2022 అక్టోబర్ 10 నుంచి టెలీమానస్ అని ప్రభుత్వం ఫోన్ సేవ పెట్టింది. 14416కు చేస్తే డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే 'పానం మంచిగుంటలేదు' అనే మొదలుపెట్టండి.

మొన్న ఆ డాక్టరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "పోయినసారి తప్పు జరిగింది, నాకు చాలా బాధేసింది. ఈసారి పొద్దున పది గంటలకు, పెద్ద హాల్లో, మీ కథతోనే మొదలు" అంది. నేను ఒక్కదాన్నే రానన్నాను. మా ఎదురింటి పెద్దమ్మ కూడా వస్తుంది, ఆమె బతుకమ్మ పాటలు పాడుతుంది, ముగ్గు గురించి చెబుతుంది, ఇద్దరికీ దారిఖర్చులు, ఆమెకు రెండు రోజుల కూలి ఇవ్వాలన్నాను. అడిగేశాక గుండె దడదడలాడింది కానీ, ఆమె వెంటనే "తప్పకుండా" అంది.

సాయంత్రం వెళ్లి పెద్దమ్మకు చెప్పాను. చాట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"డాక్టర్లకు నేనేం చెప్తనే పిల్లా? నవ్వరా?"

"నవ్వరు పెద్దమ్మా. నవ్వితే లేచి వచ్చేద్దాం."

కాసేపు ఆలోచించింది. "సరే గని, పొద్దుగూకేటాలకు మల్ల ఇంటికొస్తమా? బర్రెకు పాలు పిండాలె" అంది.

ఆ వేళకు బండి ఉందో లేదో మావారిని కనుక్కోమన్నాను.